ఒకే జాతి, రెండు రూపాలు: పర్యావరణ సంకేతం పాత్రను తేల్చుకునే పద్ధతి

1758లో కార్ల్ లిన్నేయస్ ఐరోపాలో కనిపించే రెండు సీతాకోకచిలుకలకు రెండు వేర్వేరు జాతుల పేర్లు పెట్టాడు. వసంతంలో ఎగిరే దానికి నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్లని మచ్చలు ఉంటాయి. దానికి లెవానా అని పేరు. వేసవిలో ఎగిరే దానికి నల్లని రెక్కలు, వాటి మీద తెల్లని పట్టీ ఉంటాయి. దానికి ప్రోర్సా అని పేరు. ఆ రెండూ తల్లీబిడ్డలని తర్వాతి కాలంలో తేలింది. వసంతపు చిలుకలు పెట్టిన గుడ్ల నుంచి వేసవి చిలుకలు వస్తాయి. వాటి సంతానం ప్యూపా దశలో చలికాలమంతా గడిపి, మళ్ళీ నారింజ రెక్కలతో బయటికి వస్తుంది. గొంగళిపురుగుగా ఉన్న రోజుల్లో పగటి నిడివి ఎంత ఉందన్నదే రాబోయే రెక్కల రంగును నిర్ణయిస్తుంది.

ఒకే జన్యు సంపద నుంచి, పరిసరాలు ఇచ్చే సంకేతాన్ని బట్టి, విడివిడిగా గుర్తుపట్టగలిగే రెండు లేదా అంతకంటే ఎక్కువ రూపాలు రావడాన్ని జీవశాస్త్రంలో పాలీఫెనిజం అంటారు. మీరు గమనిస్తున్న జాతిలో రెండు రూపాలు కనిపించినప్పుడు, అది పాలీఫెనిజమేనా, దాని సంకేతం ఏది, ఆ స్పందన పరిణామం వల్ల రూపుదిద్దుకున్నదేనా అని క్రమంగా తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. పురుగులనో నీటి జీవులనో స్వయంగా పెంచి చూడదలచిన విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గనుక, సిద్ధాంతం కంటే పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే చోట పుడతాయని నా అనుభవం. శరీరం చదివే సంకేతం ఒకటి, ఆ రూపం బతుకుతుందో చస్తుందో తేల్చే కారణం మరొకటి. పరిణామం పనిచేసేది ఆ రెండింటినీ కలిపే ముడి మీద. ఈ తేడాను మొదటి నుంచి చివరి దాకా మరచిపోకూడదు.

తేడా జన్యువులదా, పరిసరాలదా

రెండు రూపాలు కనిపించగానే పర్యావరణ సంకేతం కోసం వెతకడం తొందరపాటు. బిస్టన్ బెటులేరియా అనే చిమ్మట ఈ జాగ్రత్త ఎందుకో బాగా నేర్పుతుంది. పారిశ్రామిక విప్లవ కాలంలో ఇంగ్లాండులో మసి పట్టిన చెట్ల మీద నల్లని చిమ్మటలు పెరిగి, తెల్లనివి తగ్గిన కథ పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివిందే. ఆ నలుపు పూర్తిగా జన్యువులకు సంబంధించినది. కార్టెక్స్ అనే జన్యువులో స్థానం మార్చుకునే డీఎన్ఏ ముక్క ఒకటి చేరడం వల్ల అది వచ్చిందని 2016లో వెల్లడైంది. మసి పట్టిన చెట్టు మీద పెరిగినంత మాత్రాన తెల్ల చిమ్మట నల్లబడదు. కానీ ఇదే జాతి గొంగళిపురుగు సంగతి వేరు. గోధుమరంగు పుల్లల మీద పెరిగితే గోధుమరంగుకు, ఆకుపచ్చ పుల్లల మీద పెరిగితే ఆకుపచ్చకు అది మారుతుంది. కళ్ళకు రంగు పూసి చూపును మూసేసినా ఈ మార్పు ఆగలేదనీ, చర్మం కూడా రంగును పసిగడుతోందనీ 2019లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. ఒకే జాతిలో ఒక దశ రంగు జన్యువులది, మరో దశ రంగు సంకేతానిది కావచ్చునన్నమాట. అందువల్ల జాతి గురించి కాకుండా, ఫలానా దశలో ఫలానా లక్షణం గురించి ప్రశ్న వేసుకోవాలి.

దీన్ని తేల్చడానికి నమ్మదగిన మార్గం ఒక తల్లి పెట్టిన గుడ్లను పంచి పెంచడం. ఒక్కో తల్లి గుడ్లను సమాన వాటాలు చేసి, సగం ఒక పరిస్థితిలోనూ సగం మరో పరిస్థితిలోనూ పెంచాలి; కనీసం పదిమంది తల్లుల గుడ్లతోనైనా ఇలా చేయాలి. తోబుట్టువులు పరిస్థితిని బట్టి రెండుగా చీలితే సంకేతం పాత్ర ఉన్నట్టు. పరిస్థితి ఏదైనా కుటుంబాన్ని బట్టే రూపం వస్తే జన్యువుల పాత్ర ఉన్నట్టు. రెండూ కొంత కొంత కనబడడమే మామూలు, దానికి కంగారు పడనక్కరలేదు. పేనుబంక, డాఫ్నియా (నీటి ఈగ అని పిలిచే చిన్న మంచినీటి జీవి) వంటివి మగవాటి అవసరం లేకుండానే సంతానాన్ని కంటాయి గనుక, ఒక్క తల్లి నుంచి జన్యుపరంగా దాదాపు ఒకేలాంటి పిల్లలను కావలసినన్ని తీసుకోవచ్చు. మొదటిసారి ఈ పని చేసేవారికి నేను డాఫ్నియానే సూచిస్తాను.

ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది తల్లి ప్రభావం. వేటజీవి వాసన సోకిన డాఫ్నియా తల్లుల పిల్లలకు, తాము ఆ వాసన ఎరగకపోయినా, రక్షణకు పనికివచ్చే శిరస్త్రాణం వంటి తల పెద్దదిగా వస్తుందని 1999లో రుజువైంది. అడవి నుంచో చెరువు నుంచో పట్టుకొచ్చిన తల్లుల పిల్లలతో నేరుగా ప్రయోగం మొదలుపెడితే, తల్లి చూసిన పరిస్థితిని పిల్ల జన్యువుగా పొరబడే ప్రమాదం ఉంది. కనీసం రెండు తరాలు అందరినీ ఒకే పరిస్థితిలో పెంచి, మూడో తరంతో ప్రయోగం మొదలుపెట్టడం క్షేమం.

రెండో ఉచ్చులో నేనే పడ్డాను. పగటి నిడివి ప్రభావం చూద్దామని రెండు పెట్టెలు పెట్టి, ఒకదానిలో దీపం 16 గంటలు, రెండోదానిలో 10 గంటలు వెలిగేటట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఫలితం చక్కగా రెండుగా చీలింది. అయితే దీపం ఎక్కువసేపు వెలిగిన పెట్టె రెండోదానికంటే వేడిగా ఉందనీ, ఆ వేడికి ఆకులు త్వరగా వాడిపోయి పురుగులు తక్కువ తిన్నాయనీ చాలా ఆలస్యంగా గమనించాను. నేను మార్చానని అనుకున్నది ఒకటి, నిజంగా మారినవి మూడు. ఆ పురుగుల రూపం దేనివల్ల మారిందో ఆ సమాచారం నుంచి ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రతి పెట్టెలోనూ ఉష్ణోగ్రతను, తేమను గంట గంటకూ నమోదు చేసే పరికరం ఉంచాలి. ఆకులు ఒకే మొక్క నుంచి, ఒకే వయసువి కోసి అన్ని పెట్టెలకూ పంచాలి. పెట్టెల స్థానాలను రెండు మూడు రోజులకోసారి మార్చాలి. ఒక్కో పరిస్థితికి ఒక్క పెట్టె కాకుండా అనేక పెట్టెలు ఉండాలి.

సంకేతాన్ని, కారణాన్ని విడదీయడం

ఒక కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ వైపు శరీరం ఏమి చదువుతుందో, కుడి వైపు ఆ రూపానికి మేలో కీడో చేసేది ఏమిటో రాయండి. రెండు వైపులా ఒకే మాట రాసినట్లయితే మళ్ళీ ఆలోచించండి, ఎందుకంటే చాలా జాతుల్లో అవి వేర్వేరు.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ నెమోరియా అరిజోనేరియా అనే చిమ్మట. అమెరికా నైరుతి ప్రాంతంలో ఓక్ చెట్ల మీద బతికే ఈ చిమ్మటకు ఏడాదిలో రెండు తరాలు ఉంటాయి. వసంతంలో పుట్టిన గొంగళిపురుగులు ఓక్ చెట్టుకు వేలాడే పూగుత్తులను తిని, అచ్చం ఆ గుత్తుల్లాగే పసుపుపచ్చగా, గరుకుగా తయారవుతాయి. పూలు రాలిపోయాక వేసవిలో పుట్టినవి ఆకులు తిని, లేత కొమ్మల పుల్లల్లాగా బూడిదరంగుకు వస్తాయి. చూసేవాడికి వెంటనే తట్టేవి పగటి నిడివి, ఎండ, చుట్టూ ఉన్న రంగులు. ఎరిక్ గ్రీన్ 1989లో ప్రచురించిన పరిశోధనలో వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, అసలు సంకేతం తిండిలోనే ఉందని చూపాడు. ఆకుల్లో టానిన్లు అనే వగరు రసాయనాలు ఎక్కువ, పూగుత్తుల్లో తక్కువ. పూగుత్తుల మేతకే టానిన్లు కలిపి పెడితే పురుగులు పుల్ల రూపానికి మారాయి. గొంగళిపురుగును ఏరుకు తినే పక్షికి టానిన్లతో పని లేదు. అది చూసేది పురుగు చుట్టూ ఉన్నది పూలా, పుల్లలా అన్నదే. టానిన్ ఎడమ వైపు మాట, పక్షి కంటిచూపు కుడి వైపు మాట. చెట్టు మీద పూలు ఉన్నంత కాలం తిండిలో టానిన్ తక్కువగా ఉంటుందన్న సంబంధం ఏటేటా నిలకడగా ఉండబట్టే, టానిన్‌ను చదివి రూపం మార్చుకునే వంశాలు నిలిచాయి.

డాఫ్నియా విషయంలో ఎడమ, కుడి దగ్గర దగ్గరగా వస్తాయి. దోమను పోలిన కేవోబరస్ అనే కీటకపు డింభకాలు (లార్వాలు) నీటిలోకి వదిలే రసాయనాన్ని పసిగట్టి డాఫ్నియా పిల్లలు మెడ వెనక చిన్న పళ్ళ వంటి ముళ్ళు పెంచుకుంటాయి. వాటిని తినేదీ ఆ డింభకమే. ఇక్కడ కూడా సంకేతం వాసనే గాని నోరు కాదు కనుక, డింభకాన్ని పెంచిన నీటిని మాత్రమే వడగట్టి పోసి ప్రయోగం చేయవచ్చు. ముళ్ళు వస్తే, డింభకం అక్కడ లేకుండానే సంకేతాన్ని విడదీసినట్టు.

శరీరం ఎప్పుడు చదువుతుంది

జీవితమంతా సంకేతాన్ని చదివే జాతులు తక్కువ. ఎక్కువ జాతుల్లో ఎదుగుదలలో ఒక నిర్ణీత గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక ఎన్ని మార్పులు చేసినా రూపం మారదు. ఆడ తేనెటీగ లార్వా గుడ్డు నుంచి వచ్చిన సుమారు 3 రోజుల దాకా రాణిగానైనా శ్రామిక ఈగగానైనా మారగలదు; ఆ తర్వాత రాయల్ జెల్లీ ఎంత పెట్టినా పూర్తి స్థాయి రాణి రాదు. దీనికి భిన్నంగా, ఎడారి మిడతను గుంపులో ఉంచితే ఒకటి రెండు గంటల్లోనే ప్రవర్తన మారడం మొదలవుతుంది, వేరు చేస్తే మళ్ళీ వెనక్కి వస్తుంది. రంగు, శరీర నిష్పత్తులు మాత్రం నిదానంగా మారతాయి.

గడువును కనుక్కోవడానికి చేతి పని ఎక్కువే గాని ఆలోచన తేలిక. ఒకే రోజు పుట్టిన పురుగులను గుంపులుగా చేసి, మొదటి గుంపును 2వ రోజున, రెండో గుంపును 4వ రోజున, ఇలా వరుసగా ఒక పరిస్థితి నుంచి మరోదానికి మార్చాలి. అదే పనిని ఎదురు దిశలో కూడా చేయాలి. ఏ రోజు తర్వాత మార్చినా ఫలితం పాతదే వస్తుందో, ఆ రోజుతో గడువు ముగిసినట్టు. ఒకే దిశలో మార్చి ఊరుకుంటే గడువు ముగింపు తెలుస్తుంది గాని మొదలు తెలియదు.

గడువు తెలిసిన తర్వాత లోపల ఏమి జరుగుతోందో వెతకడం సులువవుతుంది. కీటకాల్లో సంకేతానికీ రూపానికీ మధ్య దూతగా పనిచేసేవి తరచు ఎక్డైసోన్, జువెనైల్ హార్మోన్ అనే రెండు హార్మోన్లు. ఆఫ్రికాలోని బైసైక్లస్ అనైనానా సీతాకోకచిలుకలో గొంగళిపురుగు చివరి దశలో ఉన్న ఉష్ణోగ్రతను బట్టి ఎక్డైసోన్ ఎప్పుడు పెరుగుతుందో మారుతుంది, దాన్ని బట్టి రెక్కల కంటిమచ్చల పరిమాణం మారుతుంది. వెచ్చని వానాకాలంలో పెద్ద కంటిమచ్చలు, చల్లని ఎండు కాలంలో దాదాపు మచ్చలే లేని గోధుమరంగు రెక్కలు వస్తాయి.

గీత గీసి చూడడం

1909లో జర్మనీ శాస్త్రవేత్త రిచర్డ్ వోల్టరెక్ డాఫ్నియా మీద పనిచేస్తూ, ఒక్కో జన్యురూపానికి ఒక్కో గీత గీయాలన్న ఆలోచన ప్రవేశపెట్టాడు. దాన్నే ఇప్పటికీ రియాక్షన్ నార్మ్ అంటున్నాము. అడ్డ గీత మీద సంకేతం విలువ (ఉష్ణోగ్రత, పగటి నిడివి, తిండి మోతాదు), నిలువు గీత మీద లక్షణం కొలత పెట్టి, ఒక్కో కుటుంబానికి ఒక గీత గీయాలి.

చాలామంది రెండే విలువల దగ్గర పెంచి, రెండు చుక్కలను కలిపి ముగిస్తారు. రెండు చుక్కల మధ్య తిన్నని గీత తప్ప ఇంకేదీ కనిపించదు; కాబట్టి రూపం నెమ్మదిగా మారుతోందా, ఒక అవధి దగ్గర ఒక్కసారిగా మారుతోందా అన్నది ఎప్పటికీ తెలియదు. కనీసం ఐదు విలువలు తీసుకోండి. బైసైక్లస్‌ను 17 డిగ్రీల నుంచి 27 డిగ్రీల దాకా వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచితే కంటిమచ్చ క్రమంగా పెద్దదవుతూ పోతుంది, మధ్య ఉష్ణోగ్రతల్లో మధ్యస్థ రూపాలూ వస్తాయి. ప్రకృతిలో ఆ మధ్యస్థ రూపాలు అరుదు, ఎందుకంటే అక్కడ ఉన్నవి రెండే ప్రధాన కాలాలు. అంటే ఆ రెండుగా చీలిన రూపం సీతాకోకచిలుక శరీరానిది కాదు, వాతావరణానిది. ఆంథోఫాగస్ పేడపురుగుల మగవాటిలో దీనికి తిరగబడిన దృశ్యం ఉంటుంది. లార్వాకు అందిన తిండిని బట్టి శరీర పరిమాణం కొద్దికొద్దిగా మారుతుంది. కొమ్ము మాత్రం ఒక పరిమాణం దాకా పిసరంత ఉండి, ఆ అవధి దాటగానే పొడవుగా లేస్తుంది. గీత ఎస్ ఆకారంలో వస్తుంది. ఇక్కడ చీలిక శరీరం లోపలిదే. చిన్న మగవి పెద్దవాటితో ఆడవి ఉండే సొరంగం ముఖద్వారం దగ్గర పోరాడి గెలవలేవు గనుక, కొమ్ము మీద ఖర్చు పెట్టకుండా పక్క దారిన దూరి ఆడవాటిని చేరుతాయి.

గీతలు గీశాక కుటుంబాల మధ్య పోలిక చూడండి. గీతలన్నీ సమాంతరంగా ఉంటే స్పందించే తీరులో జన్యుపరమైన తేడా లేదని అర్థం. వాలు వేరైతే, లేదా అవధి వేర్వేరు చోట్ల పడితే, అదే ప్రకృతి వరణానికి ముడిసరుకు. ఈ పనిలో ఇంతకంటే విలువైన చిత్రం మరొకటి లేదని నేను అనుకుంటాను.

ఉపయోగాన్ని ఊహించడం కాదు, కొలవడం

పరిసరాలను బట్టి మారే ప్రతిదీ ప్రయోజనకరమైన అనుకూలనం కాదు. తిండి చాలక గిడసబారిన శరీరం కూడా పరిసరాలకు స్పందించినదే; దాన్ని పరిణామం మలచిన ప్రత్యామ్నాయ రూపంగా చెప్పడం తప్పు. తేల్చడానికి రెండు రూపాలనూ రెండు పరిస్థితుల్లోనూ వదిలి, నాలుగు గళ్ళ పట్టిక నింపాలి. ప్రతి రూపమూ తన పరిస్థితిలో మెరుగ్గా, ఎదుటి పరిస్థితిలో వెనకబడి ఉంటేనే అనుకూలనం అనాలి. ఒక రూపం రెండు చోట్లా మెరుగ్గా ఉంటే, రెండో రూపం ఎందుకు మిగిలిందో అన్న కొత్త ప్రశ్న మొదలవుతుంది.

దీనికి తోడు సంకేతం ఎంత నమ్మదగినదో కూడా చూడాలి. సంకేతం చదివిన రోజుకూ, ఆ రూపం అవసరమయ్యే రోజుకూ మధ్య ఎంత కాలం ఉంది? ఆ వ్యవధిలో పరిస్థితి తలకిందులయ్యే అవకాశం ఎంత? సంకేతమే లేని చోట, లేదా ఉన్నా నమ్మలేని చోట, జీవులు వేరే దారి పడతాయి. ఎడారుల్లోని ఏకవార్షిక మొక్కల్లో కొన్ని ఒకే ఏడాది గింజలన్నిటినీ మొలకెత్తనివ్వకుండా, కొంత భాగాన్ని మట్టిలో నిద్రాణంగా ఉంచుతాయి. అది సంకేతానికి స్పందన కాదు, వాన మీద పందెం పంచుకోవడం.

పరిణామాన్ని చూపడం

ఇప్పటిదాకా చేసినదంతా స్పందన ఉందనీ, ఉపయోగపడుతుందనీ మాత్రమే చూపుతుంది. అది మారగలదని చూపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వేర్వేరు చోట్ల ఉన్న జనాభాలను ఒకే పరిస్థితిలో పెంచి పోల్చడం. మధ్యధరా ప్రాంతానికి చెందిన ఆంథోఫాగస్ టారస్ పేడపురుగు 20వ శతాబ్దంలో పశ్చిమ ఆస్ట్రేలియాకూ, తూర్పు అమెరికాకూ చేరింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన పురుగులను ప్రయోగశాలలో ఒకే తీరుగా పెంచినా, కొమ్ము లేచే అవధి వేరుగానే ఉంది. ఆస్ట్రేలియా మగవి మరింత పెద్ద శరీరం వస్తేనే పొడవైన కొమ్ము పెంచుకుంటాయి. అర్ధ శతాబ్దం కూడా గడవక ముందే అవధి జరిగిపోయింది. గమనించవలసినది ఏమిటంటే, కొమ్ము ఉన్న రూపమూ లేని రూపమూ రెండు చోట్లా ఉన్నాయి. మారినది వాటి మధ్య హద్దు.

రెండో దారి, ఎంపిక చేసి పెంచడం. పొగాకు మీద బతికే మాండుకా సెక్స్టా గొంగళిపురుగు మామూలుగా ఆకుపచ్చగా ఉంటుంది, దానిలో ఒక నల్లని ఉత్పరివర్తన ఉంది. యుయిచిరో సుజుకి, ఫ్రెడరిక్ నైహౌట్ ఆ నల్లని పురుగులకు వేడి తగిలించి, కొద్దిగానైనా పచ్చబడినవాటిని ఒక వంశంగానూ, ఏమాత్రం మారనివాటిని మరో వంశంగానూ వేరు చేసి పెంచారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 13 తరాలకు మొదటి వంశం వేడికి ఆకుపచ్చగా, వేడి లేకుంటే నల్లగా మారే పాలీఫెనిజాన్ని సంతరించుకుంది. రెండో వంశం స్పందనను కోల్పోయింది. లోపల మారినది జువెనైల్ హార్మోన్ నియంత్రణ. ఆకుపచ్చ రంగు తయారీ విధానం కొత్తగా పుట్టలేదు, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మారింది.

ఎంపిక ప్రయోగం చేయదలిస్తే మూడు వంశాలు తప్పనిసరి: స్పందన పెరిగే వైపు ఒకటి, తగ్గే వైపు ఒకటి, ఏ ఎంపికా లేకుండా యాదృచ్ఛికంగా జతకట్టేది ఒకటి. మూడోది లేకపోతే మార్పు ఎంపిక వల్ల వచ్చిందో, ప్రయోగశాల జీవితానికి అలవాటు పడడం వల్ల వచ్చిందో తెలియదు. ప్రతి తరంలోనూ ఉన్నవాటిలో కొన్నింటిని ఐదు విలువల దగ్గర పెంచి గీత మళ్ళీ గీయాలి. రాసేటప్పుడు "పురుగు రంగు మార్చుకోవాలనుకుంది" వంటి వాక్యాలను కొట్టివేయండి; "ఈ అవధి ఉన్న వంశాలు ఎక్కువ సంతానాన్ని మిగిల్చాయి" అనండి. వాక్యం పొడవవుతుంది, కానీ దాన్ని కొలిచి చూడవచ్చు.

చివరగా, మీ ఎడమ వైపు మాటకూ కుడి వైపు మాటకూ మధ్య ముడి ప్రకృతిలో ఇప్పటికీ ఉందో లేదో చూడండి. ఉత్తర అమెరికా మంచు కుందేలు పగటి నిడివిని చదివి చలికాలానికి తెల్లబడుతుంది. దాన్ని వేటజీవుల కంట పడకుండా కాపాడేది మాత్రం నేల మీద మంచు. మంచు ఆలస్యంగా పడుతున్న చోట్ల తెల్లని కుందేలు గోధుమరంగు నేల మీద దూరానికే కనిపిస్తుంది. పసిఫిక్ తీరం దగ్గర, మంచు తక్కువగా పడే ప్రాంతాల్లో, చలికాలంలోనూ గోధుమరంగులోనే ఉండే కుందేళ్ళు ఉన్నాయి. ఆ తేడా అగౌటీ అనే జన్యువు దగ్గర ఉందనీ, ఆ జన్యు రూపాంతరం వేరే జాతి కుందేలుతో పూర్వం జరిగిన సంకరం ద్వారా వచ్చిందనీ 2018లో ప్రచురితమైంది. అంటే ఒకే జాతిలో పగటి నిడివిని బట్టి మారే రంగూ ఉంది, ఆ రంగు మార్పునే ఆపేసే జన్యు తేడా కూడా ఉంది. కుందేలు మీద పని మొదలుపెట్టేవారు పంచి పెంచే మొదటి ప్రయోగాన్ని రెండు ప్రాంతాల జంతువులతోనూ చేయవలసి ఉంటుంది.